తొమ్మిదో ట్యాంకులో గైరుహాజరు

2, సోమవారం

సమస్త జలచరాలకూ, వాటి బంధుమిత్రులకూ, ఈ నోటుబుక్కు కోసం నేలకొరిగిన పేరు తెలియని చెట్టుకూ చేతులు జోడించి క్షమాపణలు వేడుకుంటున్నాను. ఇకపై ఈ పుటల్లో దొర్లబోయే అబద్ధాలకు, అతిశయోక్తులకు, ముఖ్యంగా నా దస్తూరికి, పూర్తి బాధ్యత నాదే. ఇందులో నేను చేసిన తప్పు ఒక్కటీ లేదని కూడా ఇక్కడే మనవి చేసుకుంటున్నాను. తప్పు చేయనివాడు క్షమాపణ అడిగితే దానికుండే హుందాతనమే వేరు.

నేను డైరీ రాసే బాపతు కాదు. గదిలో మాట్లాడటానికి మనిషి ఉన్నన్నాళ్ళూ ఆ అవసరం పడలేదు. ఇప్పుడు రెండు మంచాల గదిలో ఒక దాని మీద నేను, రెండో దాని మీద నా ఉతికిన బట్టలు ఉంటున్నాం. బట్టలు ఎంతసేపైనా వింటాయి గానీ, నవ్వవు.

నాతో గదిలో ఉండే స్నేహితుడు, అంటే మావాడు, ఆఫీసుకు దగ్గరగా ఉంటుందని వేరే గదికి మారాడు. అంతే. అంతకుమించి ఏమీ లేదు.

(వాళ్ళ ఆఫీసు ఇక్కడికి నడిచి పది నిమిషాలు.)

అసలు సంగతి. ఈ రోజు సూపరింటెండెంటు గారు పిలిపించారు. సోమవారం మా చేపల ప్రదర్శనశాలకు సందర్శకులు రారు కాబట్టి తిట్టడానికి ఆయనకు తీరిక దొరుకుతుంది.

"ఏమయ్యా, తొమ్మిదిలో చేప ఉందా, లేదా?"

"ఉంది సార్. రోజూ నాకు కనిపిస్తూనే ఉంది."

"నీకు కనిపిస్తే చాలా? టికెట్టు నువ్వు కొన్నావా?"

ఫిర్యాదుల పుస్తకం నా వైపు తోశారు. ఎవరో మాస్టారు గుండ్రటి అక్షరాలతో రాశారు: "తొమ్మిదో ట్యాంకులో రాళ్ళు తప్ప ఏమీ లేవు. రాళ్ళు మా వీధిలోనూ ఉన్నాయి." నాకు నవ్వొచ్చింది. నవ్వకూడని చోట నవ్వడం నా చిన్నప్పటి జబ్బు.

"ఈసారి కనబడిన రోజునే పట్టెయ్. ముందు హాల్లో గాజుపెట్టె సిద్ధం చేయిస్తున్నా. రాళ్ళూ రప్పలూ ఏం వద్దు. కింద తెల్ల ఇసుక, పైన లైటు. వచ్చినవాడు చూసి పోవాలి."

"దాక్కోవడానికి చిన్న రాయైనా సార్..."

"దాక్కుంటే ఇక చూపించడం ఏంటయ్యా?"

ఈ వాదనకు తిరుగులేదు. వంగి నమస్కారం పెట్టి వచ్చేశాను.

3, మంగళవారం

పొద్దున్న ఏడూ పదికి తొమ్మిదో ట్యాంకు దొరవారు దర్శనమిచ్చారు.

ఆయన్ను మేము తెప్పించుకోలేదు. పోయిన వర్షాల్లో వచ్చిన పగడపు రాయిలో దాక్కుని, ఏ కాగితంలోనూ పేరు లేకుండా దిగారు. జానెడు పొడవు, నా చూపుడువేలంత లావు. గోధుమరంగు ఒంటి మీద మజ్జిగ చిందినట్టు చుక్కలు. చూస్తే బుల్లి మలుగుపాము. సూపరింటెండెంటు గారు లావుపాటి పుస్తకం తిరగేసి, ఇది అసలు మలుగు కాదు, దాని దాయాది అని తేల్చారు. మలుగుకున్న కోరలు లేవు, ఆ పౌరుషమూ లేదు. దానికి వచ్చిన విద్య ఒక్కటే, కనిపించకపోవడం.

ట్యాంకు లైట్లు వెయ్యకముందు, హాలు ఇంకా బూడిదరంగులో ఉన్నప్పుడు, నేను వెనకవైపు బకెట్ బోర్లించుకుని కూర్చుంటాను. పొడవాటి పటకారుతో రొయ్య ముక్క రాయి కన్నం దగ్గర పెడతాను. పది నిమిషాలకు ముక్కు వస్తుంది. తర్వాత కళ్ళు. నోరు తెరుస్తుంది, మూస్తుంది, తెరుస్తుంది. ఏదో చెప్పబోయి ఆగినట్టు ఉంటుంది. చెప్పడం కాదు, ఊపిరి తీసుకోవడం. చూసేవాడు కదలకుండా ఉంటే, ఇంకో రెండంగుళాలు.

మా దగ్గర చేపలకూ హాజరు పుస్తకం ఉంది. ట్యాంకుకో పేజీ, చేపకో వరస, రోజుకో గడి. కనిపిస్తే "హా", కనిపించకపోతే "గై". రిబ్బను లాగి ఈ రోజు గడి తెరిచాను.

"గై" అని రాశాను.

4, బుధవారం

గై. (ఏడుంపావు. తల, మెడ. రొయ్య ముక్క తీసుకుంది.)

5, గురువారం

గై. (మెడ దాకా. చేపకు మెడ ఉంటుందా? దొరవారికి ఉంది.)

8, ఆదివారం

అక్క ఫోను. ప్రతి ఆదివారం పదకొండుకు, కోర్టు వాయిదాలా తప్పదు.

"తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

"అన్నం."

"అన్నంలోకి?"

"ఇంకొంచెం అన్నం."

"నీ మొహం! వాడేడీ, వాడికివ్వు."

"స్నానానికెళ్ళాడక్కా."

"ఏరా, నేనెప్పుడు చేసినా స్నానమేనా? ఒంటి మీద చర్మం మిగిలిందా వాడికి?"

"శుభ్రత ఎక్కువ."

"నీకా రోగం అంటకుండా చూసుకో. వచ్చాక చెయ్యమను. వాడితో నాలుగు మాటలు మాట్లాడితే నాకు హాయిగా ఉంటుంది. నీలాగా నోట్లో మోటారు పెట్టుకుని పుట్టలేదు వాడు."

మావాడికి నత్తి అంటే అక్క ఒప్పుకోదు. మాట కొంచెం ఆలస్యంగా బయల్దేరుతుంది, అంతే, అంటుంది. వాడు ఒక మాట దగ్గర ఆగితే అక్క కూడా ఫోనులో ఆగుతుంది. నేనైతే ఆ మాట అందించేస్తాను. అందిస్తే వాడికి ఒళ్ళు మండుతుంది. నాకేమో ఉపకారం చేసినట్టు ఉంటుంది.

లేనివాణ్ణి ఉన్నాడని అక్కకూ, ఉన్నదాన్ని లేదని పుస్తకంలోనూ. మొత్తానికి లెక్క సరిపోయింది.

9, సోమవారం

గై.

12, గురువారం

మోటార్లూ పంపులూ చూసే మెకానిక్ను అందరం పంపు బాబాయ్ అంటాం. ముప్ఫై ఏళ్ళు మోటార్ల మధ్య బతికి చెవులు పోగొట్టుకున్నాడు. రహస్యం కూడా ఊరంతటికీ వినపడేలా చెబుతాడు.

"ఒరేయ్, నువ్వీమధ్య జోకులెయ్యట్లేదేంట్రా!"

"వేస్తూనే ఉన్నా బాబాయ్, నీకు వినపడట్లేదు."

"ఏంటీ?"

"అదే!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఈ రోజు నేను మనిషితో మాట్లాడింది ఇదే. ఇంటికి వచ్చి బట్టలకు కూడా చెప్పాను. స్పందన లేదు.

గై.

15, ఆదివారం

నా వారపు సెలవు. అయినా ప్రతి ఆదివారంలాగే వెళ్ళాను. పెట్టే చెయ్యి మారితే దొరవారు బెదురుతారు. ఆయన కోసమే వెళ్ళాను, నాకు వేరే పని లేక కాదు.

గై. (నాలుగు అంగుళాలు! ఇప్పటిదాకా ఇదే ఎక్కువ. నేను ఊపిరి కూడా తీసుకోలేదు.)

పదకొండుకు అక్క. స్నానం.

17, మంగళవారం

ఆ సాయంత్రం గురించి ఒక్కసారి రాసేస్తే దాని గొడవ వదులుతుంది. మావాడి కొత్త ఆఫీసు వాళ్ళు ఐదుగురు మొదటిసారి గదికి వచ్చారు. కుర్చీలు చాలక మంచాల మీద కూర్చున్నారు. ఎవరికీ మాటలు దొరకట్లేదు. నేను చిన్న జోకు వేశాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

రాసేశాను.

18, బుధవారం

గై.

వాడూ నవ్వాడు. అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

19, గురువారం

ఇస్త్రీ బండి దగ్గర మావాడు కనిపించాడు. రోడ్డుకు అవతల. పక్కన ఆఫీసు వాళ్ళెవరూ లేరు. నన్ను చూశాడు, చెయ్యి సగం ఎత్తాడు. నేను వంగి బూటు తాడు కట్టుకున్నాను. బాగా బిగించి, రెండు ముళ్ళు వేసి, మెల్లగా కట్టుకున్నాను. లేచేసరికి వాడు వెళ్ళిపోయాడు.

నేను చెప్పులు వేసుకుని ఉన్నాను.

24, మంగళవారం

కొంప మునిగింది.

హాజరు పుస్తకం రిబ్బను ఊడిపోయింది. ఇన్నాళ్ళూ రిబ్బను లాగి నడిమికి తెరిచినవాణ్ణి, ఈ రోజు మొదటి నుంచి తిరగెయ్యాల్సి వచ్చింది. అట్ట లోపలి వైపు నిబంధనల కాగితం అంటించి ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు చదివాను. చదివినట్టు సంతకం కూడా ఉంది. ఆరో నిబంధన: వరసగా ముప్ఫై రోజులు గైరుహాజరైన చేప చనిపోయినట్టే లెక్క. నీళ్ళు పాడవకుండా ట్యాంకు ఖాళీ చేసి, రాళ్ళు తీసి మేడ మీద వారం రోజులు ఎండబెట్టాలి.

దొరవారు ఉండేది రాయిలో. రాయి ముక్కలైనా ఆయన బయటికి రారు.

ఈ రోజుతో ఇరవై రెండు గైలు. అన్నీ నా దస్తూరే, ముత్యాల్లా ఉన్నాయి. చేపను కాపాడుతున్నాననుకుంటూ రోజుకో గడి చొప్పున దాని చావుకు కాగితాలు సిద్ధం చేశాను. పట్టా పుచ్చుకున్న బుర్ర!

25, బుధవారం

"హా" అని రాస్తే గాజుపెట్టె. "గై" అని రాస్తే మేడ మీద ఎండ. మూడో అక్షరం ఏదైనా ఉందేమోనని అక్షరమాల మొత్తం ఒకసారి మననం చేసుకున్నాను.

రాయిని పట్టుకెళ్ళి పెద్ద ట్యాంకులో పడేద్దామా అనుకున్నాను. అందులో ఉన్న బొంత చేప పోయిన నెల థర్మామీటరే మింగింది. వద్దు.

గై.

27, శుక్రవారం

గాజుపెట్టె వచ్చేసింది. ముందు హాల్లో, తలుపుకు ఎదురుగా. తెల్ల ఇసుక, పైన లైటు, లోపల ఏమీ లేదు. అయినా జనం ఆగి చూస్తున్నారు. లైటు ఉంటే చాలు, మనిషి ఆగుతాడు.

ఎవరూ లేనప్పుడు నేనూ వంగి చూశాను. నాలుగు అద్దాల్లోంచీ నా మొహమే కనిపించింది. ఎటు తిరిగినా కనిపించింది.

గై.

29, ఆదివారం

అక్క ఫోను ఎత్తలేదు. మూడుసార్లు చేసింది. నేను స్నానానికి వెళ్ళాను అనుకోవాలి.

30, సోమవారం

సూపరింటెండెంటు గారు పుస్తకం తిరగేశారు. "అయితే పోయిందన్నమాట. పాపం. ఎల్లుండికి ముప్ఫై నిండుతాయి. గురువారం పొద్దున్నే నీళ్ళు తీసేసి రాళ్ళు మేడెక్కించండి." పాపం అన్న మాట నిజంగానే అన్నారు. ఆయన దుర్మార్గుడైతే నాకు ఎంత సుఖంగా ఉండేదో.

పంపు బాబాయ్ను మోటార్ల గదిలోకి లాక్కెళ్ళాను. అక్కడైతే ఎంత అరిచినా బయటికి వినపడదు.

"బాబాయ్, అది బతికే ఉంది!"

"తెలుసురా!"

"తెలుసా? ఎట్లా?"

"రోజూ బకెట్ మీద కూర్చుని రాయికి రొయ్య పెడుతున్నావు కదా! రాయి తింటోందా రొయ్యలు?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వు పుస్తకంలో వేరేగా రాస్తున్నావు! చదువుకున్నోడివి, ఏదో లెక్క ఉంటుందిలే అనుకున్నా! ఉందా లెక్క?"

"లేదు బాబాయ్."

"ఏంటీ?"

"లేదు!"

నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఆ పెద్దాయన తిడతాడు. తిట్టించుకో. తిట్టు తింటే ఒంట్లో ఏం తగ్గుతుంది? నా చెవులకైతే అది కూడా వినపడదు!"

1, మంగళవారం

గై. ఇరవై తొమ్మిది.

(మూడంగుళాలు. నోరు తెరిచి, మూసి, తెరిచి. ఏం చెబుతావు దొరా, చెప్పు. నేను అందించనులే.)

2, బుధవారం

హా.

రాసి, పుస్తకం పట్టుకుని సరాసరి ఆయన గదిలోకి వెళ్ళాను. దారిలో మూడు జోకులు సిద్ధం చేసుకున్నాను. తలుపు తీశాక ఒక్కటీ గుర్తు రాలేదు.

"సార్, తొమ్మిదో ట్యాంకు చేప బతికే ఉంది. ఈ ఇరవై తొమ్మిది గైలూ అబద్ధం. ప్రతి రోజూ చూశాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారనుకున్నాను. అడిగారు.

"ఎందుకు దాచావు?"

"మీరు పెట్టెలో పెడతారని."

"పెడితే? తిండి పెట్టమా? నీళ్ళు మార్చమా?"

"అందరూ చూస్తారు సార్."

"చూడ్డానికే కదయ్యా ఈ భవనం కట్టింది!"

"చూస్తున్నారని దానికి తెలుస్తుంది సార్. ఎటు తిరిగినా. అది రాయిలో ఉండగా చూడొచ్చు సార్, అది రానిచ్చినంత వరకు. దాని చోటు లేకుండా చేసి చూస్తే, మనం చూసేది దాన్ని కాదు..."

అక్కడ ఆగిపోయాను. తర్వాతి మాట రాలేదు. ఆయన కూడా అందించలేదు.

"రేపు పొద్దున్న ఎన్నింటికి వస్తుంది?" అన్నారు చివరికి.

3, గురువారం

సూపరింటెండెంటు గారు ఏడు గంటలకే వచ్చి నా బకెట్ మీద కూర్చున్నారు. ఇస్త్రీ ప్యాంటు, బకెట్. నవ్వొచ్చింది, మింగాను. పక్కన పంపు బాబాయ్, నీళ్ళు తోడే గొట్టం చేత్తో పట్టుకుని, చూసి మొదలెడదామని నిలబడ్డాడు. నేను పటకారుతో రొయ్య పెట్టాను.

పది నిమిషాలు. ఇరవై. ఏమీ లేదు. ముప్ఫై. పటకారు ఇంకో చేతికి మార్చుకున్నాను. రాకపోతే నేను అబద్ధాలకోరునే, నిన్న చెప్పింది కూడా అబద్ధమే, రాళ్ళు మేడ మీదికే. ఎప్పుడు నిజం చెప్పినా ఇదే చిక్కు, సాక్ష్యం చెప్పేవాడు కన్నంలో కూర్చుంటాడు.

నలభయ్యో నిమిషంలో ముక్కు వచ్చింది. తర్వాత కళ్ళు.

"నోరు అలా ఆడిస్తోందేం? కోపమా?" ఆయన ఇంత మెల్లగా మాట్లాడగలరని నాకు తెలియదు.

"ఊపిరి సార్."

"కనిపించిందా?" అని అరిచాడు పంపు బాబాయ్. దొరవారు మాయం.

ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నారు. "ఒక్క నిమిషం కనిపించిందయ్యా," అన్నారు, ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు. తర్వాత మామూలు గొంతుతో తీర్పు చెప్పారు. చేప ఉన్నచోటే ఉంటుంది. పెట్టెలో శంఖాలు పెడతారు. శంఖాలు దాక్కోవు. బోర్డు మారుస్తారు. ఇక నేను. దొంగ హాజరు రాసినవాడి చేతిలో హాజరు పుస్తకం ఉండకూడదు. రేపటి నుంచి గేటు దగ్గర టికెట్లు చింపాలి. ట్యాంకులు, పుస్తకం, పటకారు పంపు బాబాయ్కు.

న్యాయమే. న్యాయం కాదని ఒక్క ముక్క రాయలేకపోతున్నాను.

4, శుక్రవారం

నాలుగు వందల పన్నెండు టికెట్లు చింపాను. పుస్తకంలో ఏం రాశాడో బాబాయ్ను అడగాలంటే అందరికీ వినపడేలా అరవాలి. అడగలేదు. ఆయనే గేటు దాకా వచ్చి, "హా!" అని అరిచి వెళ్ళిపోయాడు. లైనులో ఉన్నవాళ్ళు బెదిరిపోయారు.

5, శనివారం

మధ్యాహ్నం తీరికలో, సందర్శకుల వైపు నుంచి తొమ్మిదో ట్యాంకు చూడటానికి వెళ్ళాను. ఇంతకాలం నేను వెనకవైపు మనిషిని. ముందు నుంచి చూస్తే నిజంగానే రాళ్ళు తప్ప ఏమీ లేవు. మాస్టారు రాసింది ఒప్పే.

కొత్త బోర్డు: "ఇందులో ఒక చేప ఉంది. కనిపించకపోవచ్చు. తొందరపెట్టకండి."

ఒక ముసలి జంట అక్కడ నిలబడి పోట్లాడుకుంటున్నారు.

"అదిగో, తోక!"

"అది నాచు."

"నలభై ఏళ్ళ నుంచి నేను ఏది చూపించినా నీకు నాచే."

ఎంతసేపటికీ కదలరు. వాళ్ళ వెనక నేనూ నిలబడ్డాను, నా తీరిక అయిపోయేదాకా. నాకు ఏమీ కనిపించలేదు. నేను అక్కడున్నానని దానికి తెలిసే దారి కూడా లేదు.

6, ఆదివారం

పదకొండుకు అక్క.

"బతికున్నావా? పోయిన వారం ఫోను ఎత్తలేదేం?"

"ఉన్నా."

"వాడేడీ?"

స్నానం అనబోయాను. ఆ మాట నోటి చివరే ఉంది, ఎనిమిది వారాలుగా వాడి వాడి నున్నబడిన మాట. నోరు తెరిచాను. రాలేదు. మూశాను. మళ్ళీ తెరిచాను.

అక్క ఆగింది. కంగారు పడలేదు, హలో హలో అనలేదు. ఆగడం అక్కకు అలవాటే. మావాడి దగ్గర నేర్చుకుంది.

"లేడక్కా. వెళ్ళిపోయాడు. రెండు నెలలైంది."

అక్క ఏమైంది అని అడగలేదు.

"ఏం చేశావురా?" అంది.

అక్కకు చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. మొదటి పేజీలో అడిగిన క్షమాపణలన్నీ, చెట్టుకు చెప్పిన దానితో సహా, వెనక్కి తీసుకుంటున్నాను. నేను చేసింది ఒక్కటే.

మావాడికి అన్ని మాటలూ కొంచెం ఆలస్యంగా వస్తాయి. ఒక్కటి మాత్రం అసలు రాదు. తన పేరు. మొదటి అక్షరం దగ్గరే తలుపు పడిపోతుంది. కొత్త ఉద్యోగంలో చేరాక రోజూ పొద్దున్నే బాత్రూంలోకి వెళ్ళి, గడియ పెట్టి, కుళాయి పూర్తిగా తిప్పి, అద్దంలో చూసుకుంటూ తన పేరు చెప్పుకునేవాడు. నీళ్ళ చప్పుడులో వినపడదనుకున్నాడు. వినపడేది. అది తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. ఆ సాయంత్రం వాళ్ళ ఆఫీసు వాళ్ళ ముందు, గది మధ్యలో నిలబడి, లేని గడియ పెట్టి, లేని కుళాయి తిప్పి, గోడను అద్దం చేసుకుని, అది చేసి చూపించాను. మొదటి అక్షరం, పదకొండుసార్లు.

చాలా బాగా చేశాను.